కౌంటర్‌కి అవతలి మనిషి గొంతు పెంచితే ఏం చేస్తారు? తిరుపతి బరిస్టాలు చెప్పండి

నురగ_కప్పు | మంగళవారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. మాది పాకాల దగ్గర పల్లె. తిరుపతిలో బైపాస్ వైపు ఒక కేఫ్‌లో ఏడు నెలలుగా బరిస్టాగా, అంటే మెషిన్ మీద కాఫీ చేసి ఇచ్చే పని, చేస్తున్నా. మెషిన్ పని బాగానే వచ్చేసింది. షాట్ (మెషిన్ నుంచి వచ్చే చిక్కటి కాఫీ) తీయడం, పాలకు నురగ పట్టించడం, కప్పు మీద ఆకు బొమ్మ వేయడం ఇష్టంగా నేర్చుకున్నా. ఎదుటి మనిషి అరిస్తే ఏం మాట్లాడాలో మాత్రం ఇప్పటికీ రాలేదు.

మొన్న శనివారం జరిగింది చెప్తాను. వేలూరు వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. సాయంత్రం కొండెక్కాలట. రెండు కాపుచినోలు, పిల్లాడికని ఒక బ్రౌనీ తీసుకున్నారు. పిల్లాడు సగం తిని వదిలేస్తే మిగతాది వాళ్ళ నాయనమ్మ తిన్నది. తర్వాత బిల్లు కట్టేటప్పుడు "ఇందులో గుడ్డు లేదు కదా" అని అడిగారు. ఉందని చెప్పాను. ఆ పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అట్లే కూర్చుండిపోయింది. పెరటాసి నెల, శనివారం, ఒంటిపొద్దు ఉన్నారట. వాళ్ళబ్బాయి కౌంటర్ మీద చెయ్యేసి కొట్టి అరిచాడు. నా చేతిలో పాల జగ్గు ఉంది, అది వణికి వేడి పాలు వేళ్ళ మీద పడ్డాయి. మేనేజర్ వచ్చి బ్రౌనీ డబ్బులు తిరిగిచ్చాడు. ఇచ్చి, అందరి ముందూ "ముందే చెప్పాలి కదా నువ్వు" అన్నాడు.

వాళ్ళు ముందు అడగలేదు. నేనూ చెప్పలేదు. మూడు రోజులైంది, ఆ పెద్దావిడ ముఖం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. అబ్బాయి తిట్టింది ఎప్పుడో మర్చిపోయాను.

ఇది కాక రోజూ ఉండేవి రెండు. ఒకటి, "కాఫీ వేడిగా లేదు" అని కప్పు వెనక్కి తోయడం. రెండోది, సాయంత్రం ఒకాయన వస్తాడు. నేను ఒక్కదాన్నే కౌంటర్‌లో ఉన్నప్పుడు చూసి వస్తాడు. ఫోన్ నంబర్ అడుగుతాడు. నవ్వకపోతే "నవ్వితే పోయేదేముంది" అంటాడు. మేనేజర్‌కి చెబితే "రెగ్యులర్ కస్టమర్, పట్టించుకోవద్దు" అన్నాడు.

మీరంతా ఎట్లా నెట్టుకొస్తున్నారు?

---

డికాక్షన్_పెద్దాయన | మంగళవారం, రాత్రి 11:52

అమ్మా, నాది చిత్తూరు. బస్టాండు దగ్గర 22 ఏళ్ళు కాఫీ హోటల్ నడిపాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మీ మెషిన్ నాకు తెలీదు గానీ వేడి సంగతి తెలుసు, అది చెప్తాను.

మన వైపు మనుషులకు కాఫీ అంటే మరిగిన పాలు. పొయ్యి మీద పొంగిన పాలు తీసి డికాక్షన్‌లో పోస్తాం, డబరాలో తిరగ్గొడతాం. గ్లాసు అంచు పట్టుకుంటే చెయ్యి కాలాలి, తువ్వాలుతో పట్టుకుని తాగాలి. పుట్టినప్పటి నుంచి అదే అలవాటు. మా అబ్బాయి చెప్పాడు, మీ దగ్గర పాలు 60, 65 డిగ్రీల దగ్గర ఆపేస్తారట. 70 దాటితే పాలలోని తీపి పోయి ఉడుకు వాసన వస్తుందట. ఆ లెక్క నిజమే అయ్యుండొచ్చు. కానీ 60 ఏళ్ళ మనిషికి అది చల్లారిపోయిన కాఫీయే. ఆయన నిన్ను తిట్టడం లేదమ్మా, ఆయన నాలుక ఒకటి అనుకుని వచ్చింది, ఇంకొకటి తగిలింది.

అందుకని వెనక్కి పంపేదాకా ఆగకుండా, ఆర్డర్ తీసుకునేటప్పుడే అడుగు. "పొగలు రావాలా సామీ, తాగే వేడి చాలా?" ఈ ఒక్క మాట చాలు. అరవం వాళ్ళైతే "సూడా వేణుమా?" అను. కప్పులు కూడా ముందే వేడినీళ్ళతో తడిపి పెట్టుకో. చల్లటి పింగాణీ సగం వేడి తాగేస్తుంది.

గుడ్డు సంగతికి నా దగ్గర సమాధానం లేదు. మా హోటల్లో గుడ్డు పెట్టలేదెప్పుడూ.

---

స్టీమ్_వాండ్ | బుధవారం, ఉదయం 6:35

షిఫ్ట్‌కి పోయే ముందు రాస్తున్నా. మాది మదనపల్లె, బెంగళూరులో నాలుగేళ్ళుగా ఈ పనే, ఇప్పుడు షిఫ్ట్ లీడ్‌ని.

పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు. దానికి ఒకటి కలుపుతాను. "స్ట్రాంగ్ లేదు" అనే ఫిర్యాదు కూడా ఇట్లాంటిదే. ఫిల్టర్ కాఫీ పొడిలో చికోరీ అనే వేరు పొడి కలిసి ఉంటుంది, దాని నలుపు, చిక్కదనం, చేదు నోటికి అలవాటు. ఎస్ప్రెస్సోలో, అంటే మన మెషిన్ షాట్‌లో, చికోరీ ఉండదు. 18 గ్రాముల పొడి, 25 నుంచి 30 సెకన్లు, చేతికొచ్చేది 36 గ్రాముల దాకా. దాంట్లో 150 మిల్లీ పాలు పోస్తే చికోరీ నోటికి అది పలచగానే తగులుతుంది. అప్పుడు కస్టమర్‌కి పాఠం చెప్పొద్దు చెల్లీ. నేను మొదటి సంవత్సరం చెప్పాను, "సార్, అసలు కాఫీ రుచి ఇదే" అని. వాళ్ళ అమ్మ చేతి కాఫీ అసలుది కాదని చెప్పినట్టయింది. ఎంత కోపం వచ్చిందో వాళ్ళకి! ఇప్పుడు ఇంకో షాట్ కలపమంటారా అని అడుగుతా, అంతే.

మెనూలో అన్నిటికంటే తక్కువ ధర ఎస్ప్రెస్సోకే ఉంటుంది కాబట్టి చాలామంది అదే చెప్తారు. రెండు గుటకల కప్పు చూసి మోసం చేశారనుకుంటారు. నేను బిల్లు కొట్టేముందు ఆ చిన్న కప్పు తీసి చూపిస్తా. "ఇంత వస్తుంది, పాలుండవు, చేదుగా ఉంటుంది, పర్లేదా?" పదిమందిలో తొమ్మిది మంది మార్చుకుంటారు.

బ్రౌనీ గురించి. అది నీ తప్పు కాదు, ఆ కుటుంబం తప్పూ కాదు. కేఫ్ తప్పు. తిరుపతిలో కేఫ్ పెట్టి, కేకుల అద్దం మీద గుడ్డు ఉందో లేదో రాయకపోవడమేంటి? ప్యాకెట్ మీదైతే శాకాహారానికి చతురస్రంలో పచ్చ చుక్క, గుడ్డుతో సహా మాంసాహారానికి గోధుమ రంగు త్రికోణం ఉంటాయి కదా. అదే గుర్తు ప్రతి కేకు ముందు చిన్న అట్ట మీద వేసి పెట్టండి. నీ చేత్తో నువ్వే రాసి పెట్టినా పర్లేదు.

రెండో సంగతి. ఆ అబ్బాయి అరుస్తున్నప్పుడు పెద్దావిడకి నువ్వేం చెప్పావు?

---

నురగ_కప్పు | బుధవారం, ఉదయం 7:10

ఏమీ చెప్పలేదన్నా. సారీ సార్, సారీ సార్ అని ఆయనకే చెప్తూ ఉన్నా. ఆమె వైపు చూడలేకపోయాను.

---

కాలినడక | బుధవారం, ఉదయం 9:05

నేను బరిస్టాని కాను, మీలాంటి వాళ్ళ కౌంటర్ ముందు నిలబడే మనిషిని. నెలకోసారి అలిపిరి నుంచి నడిచి ఎక్కుతాను, 3,550 మెట్లు. తెలిసిన విషయం ఒక్కటి చెప్తాను.

కొండ దిగి వచ్చిన మనిషి మామూలు మనిషి కాదు. దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్‌లో పది గంటలు కూర్చున్నాడో, పదిహేను గంటలు కూర్చున్నాడో. గుడిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి ఎక్కడో ఇచ్చి, మళ్ళీ వెనక్కి తెచ్చుకుని చూస్తే చార్జింగ్ ఉండదు. ఇంటావిడ ఎక్కడుందో తెలీదు. గుండు మీద గంధం ఎండి బిర్రుగా లాగుతుంటుంది. కాళ్ళు బొబ్బలు. రైలు ఇంకో గంటలో. అట్లాంటప్పుడు మీ కౌంటర్ ముందుకొస్తాడు. మీరు "సార్, స్మాల్, మీడియం ఆర్ లార్జ్?" అని అడుగుతారు.

నేనొకసారి రేణిగుంట రోడ్డులో ఒక చోట ఒక అమ్మాయి మీద అరిచాను. దేనికో కూడా గుర్తు లేదు, స్ట్రా లేదనో ఏదో. స్వామి దర్శనం చేసుకుని వచ్చి గంట కాలేదు. ఆ అమ్మాయి ఏమీ అనకుండా ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. తాగాక సిగ్గేసింది. క్షమించమని చెప్పాను, చెప్పాను గానీ అది సరిపోదని తెలుసు.

మనిళ్ళల్లో ఎవరొచ్చినా ముందు నీళ్ళిస్తాం, తర్వాతే ఏం పని మీద వచ్చారని అడుగుతాం. కేఫ్‌లో ఆ వరస తిరగబడింది. డబ్బులు ముందు, నీళ్ళు అడిగితే. ఇంకా చెప్పాలంటే అడిగితే బాటిల్ కొనమంటారు. ముందు నీళ్ళు పెట్టి చూడండి తల్లీ. ఒక చార్జర్ వైరు కూడా కౌంటర్ మీద ఉంచండి.

---

గాంధీరోడ్డు_శీను | బుధవారం, ఉదయం 10:48

అందరూ కస్టమర్‌ని పిచ్చోణ్ణి చేసి మాట్లాడుతున్నారు. ఒక కాఫీ 180 రూపాయలు. పైన 5 శాతం జీఎస్టీ. రోడ్డు మీద 20 రూపాయలకు వేడివేడి కాఫీ దొరుకుతుంది. 180 ఇచ్చినవాడు వేడిగా కావాలని అడిగితే 'కోపిష్టి కస్టమర్' అయిపోతాడా? జీతం తీసుకుంటున్నది దానికే కదా. గుడ్డు విషయంలో ఆ కొడుకు అరిచాడంటే మా అమ్మకి జరిగినా నేను అంతే అరుస్తా.

---

ఎస్వీయూ_హాస్టల్ | బుధవారం, ఉదయం 11:02

అన్నా, ఆ 180లో మాకు వచ్చేది ఎంతో తెలిస్తే మీరే బాధపడతారు. నేను పీజీ చేస్తూ సాయంత్రాలు చేస్తున్నా. కాఫీ ధర పెట్టింది మేం కాదు. ధర మీద కోపం మాత్రం మా మీదే పడుతుంది.

---

స్టీమ్_వాండ్ | బుధవారం, మధ్యాహ్నం 3:20

శీను గారూ, వేడిగా కావాలని అడగడం తప్పు కాదు, ఈ పేజీలో ఎవరూ అట్లా అనలేదు. నాలుగుసార్లైనా మార్చి ఇస్తాం. కౌంటర్ మీద కొట్టడం, ఎదుటి మనిషిని 'నువ్వు' అని, చదువు లేనిదానా అని అనడం, దానికి జీతం లేదు. ఏ ఉద్యోగంలోనూ ఉండదు. మీరు ఆస్పత్రిలో నర్సుతో, బస్సులో కండక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఏ హద్దు పెట్టుకుంటారో అదే హద్దు.

మీ అమ్మ గారికి అట్లా జరిగితే మీకు కోపం రావాలి, వస్తుంది. నేను అడిగింది మాత్రం వేరే. ఆ కోపంలో అమ్మని ఎవరు చూసుకున్నారు? కొడుకు కౌంటర్ వైపు తిరిగి అరుస్తున్నాడు, మా చెల్లి కొడుకుతో సారీ చెప్తోంది. ఆ పెద్దావిడ పక్కన ఎవరూ లేరు.

చెల్లీ, ఇంకోసారి ఇట్లాంటిది జరిగితే (జరగకూడదు, అయినా) అరిచేవాళ్ళని కాసేపు వదిలేయ్. కౌంటర్ బయటికి వెళ్ళి ఎవరికి కష్టం కలిగిందో వాళ్ళ దగ్గర నిలబడు. "అమ్మా, నేను ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, నా వల్ల మీకిట్లా అయింది" అను. అరిచేవాళ్ళు తొంభై శాతం అక్కడే ఆగుతారు, ఎందుకంటే వాళ్ళు అరిచేది కూడా ఆ మనిషి కోసమే.

---

రెండు_టేబుళ్ళ_కేఫ్ | బుధవారం, సాయంత్రం 5:15

బాలాజీ కాలనీ వైపు చిన్న కేఫ్ నాది. యజమాని వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కదా.

మా కుర్రాళ్ళకి మొదటి రోజే ఒక లెక్క చెప్తాను. మేం కొనే గింజలు కిలో 1,100 రూపాయలు. ఒక కప్పుకి 18 గ్రాములంటే 20 రూపాయలు. పాలు పదీ పన్నెండు. చక్కెర, గ్యాసు, కరెంటు ఏం వేసినా 40 దాటదు. అంటే ఒక కాఫీ మళ్ళీ చేసి ఇస్తే నాకు పోయేది 40 రూపాయలు. మా వాడు ఐదు నిమిషాలు వాదించి గెలిస్తే పోయేది ఆ మనిషి, ఆయనతో వచ్చే నలుగురు, వెనక లైన్లో విసిగి వెళ్ళిపోయే ఇద్దరు. అందుకని ఎవరినీ అడక్కుండా కాఫీ మార్చి ఇచ్చే అధికారం మా దగ్గర ప్రతి ఒక్కరికీ ఉంది. రోజుకి ఎన్ని మార్చారో ఒక పుస్తకంలో రాస్తారు, కారణంతో సహా. ఆ పుస్తకం చూసే మా పాల వేడి మార్చుకున్నాం. "వేడి లేదు, వేడి లేదు" అని పేజీ నిండా అదే ఉంటే తప్పు కస్టమర్‌ది ఎట్లా అవుతుంది?

మార్చాక కూడా తిట్టేవాళ్ళుంటారు. వాళ్ళ దగ్గరికి నేను వెళ్తాను, డబ్బు తిరిగిచ్చి పంపేస్తాను. నా మనుషులని నలుగురి ముందు అనను. అనాల్సింది ఉంటే షట్టర్ దించాక. మీ మేనేజర్ చేసింది నాకు నచ్చలేదమ్మా. కస్టమర్ తిట్టిన తిట్టు ఆ పూటకి పోతుంది. సొంత మనిషి నలుగురిలో అన్న మాట మిగిలిపోతుంది.

---

నురగ_కప్పు | బుధవారం, రాత్రి 10:40

అన్నా, మీ దగ్గర ఖాళీ ఉందా అని అడగాలనిపించింది, నిజంగా.

మా దగ్గర కాఫీ మార్చి ఇస్తే మొదటిది ఎవరు చేశారో వాళ్ళ పేరు రాస్తారు. నెలాఖరులో జీతంలోంచి కోస్తారు. పోయిన నెల నాకు 640 పోయింది. అందుకే వెనక్కి వచ్చిన కప్పు చూస్తే గుండె దడ. కస్టమర్‌తో వాదించేది కూడా దాని వల్లే, ఇప్పుడు రాస్తుంటే అర్థమవుతోంది.

---

వకీలక్క_చిత్తూరు | గురువారం, ఉదయం 8:30

రెండు విషయాలు, రెండూ చట్టం వైపు నుంచి.

మొదటిది జీతం కోత. పని చేసేవాళ్ళ నిర్లక్ష్యం వల్లే నేరుగా నష్టం జరిగిందని తేలితేనే కోత వేయాలి. అది కూడా ముందు వాళ్ళ మాట వినాలి, వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వాలి. కస్టమర్‌కి ఇంకాస్త వేడి కావాలనిపించడం నీ నిర్లక్ష్యం కాదు. ఎంత, ఏ తేదీన, దేనికి కోశారో రాసి ఇవ్వమని అడుగు. అడిగినట్టు కూడా కాగితం మీదో మెసేజ్‌లోనో ఉండాలి. అవసరమైతే కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్ళొచ్చు.

రెండోది సాయంత్రం వచ్చే ఆ మనిషి. అందరూ వేడి గురించి, గుడ్డు గురించి రాశారు గానీ దీని మీద ఒక్కరూ మాట్లాడలేదు. నాకు అన్నిటికంటే పెద్దది ఇదే అనిపించింది. ఆయన 'కష్టమైన కస్టమర్' కాదు. నీళ్ళ గ్లాసు, పొగల కాఫీ ఈయనకి మందు కావు.

పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం, 2013. దాని 19వ సెక్షన్ ప్రకారం సురక్షితమైన పనిచోటు కల్పించడం యజమాని బాధ్యత. అక్కడికి వచ్చిపోయే బయటి మనుషుల నుంచి రక్షణ కూడా అందులో భాగమే. కాబట్టి "పట్టించుకోవద్దు" అని మీ మేనేజర్ చేతులు దులుపుకోవడం కుదరదు. పది మంది, అంతకన్నా ఎక్కువ పని చేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. తిరుపతి 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది కాబట్టి చిత్తూరు రావాల్సిన పని లేదు, తిరుపతి కలెక్టరేట్‌లోనే అడుగు. జరిగిన నాటి నుంచి మూడు నెలల లోపు ఇవ్వాలి.

ఇంకొకటి. వద్దని స్పష్టంగా చెప్పాక కూడా మళ్ళీ మళ్ళీ పరిచయం కోసం వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. అందుకని ఒకసారి గట్టిగా, సీసీ కెమెరా ముందు చెప్పు: "నంబర్ ఇవ్వను, ఇంకోసారి అడగొద్దు." నవ్వుతూ చెప్పొద్దు. సారీ అని మొదలుపెట్టొద్దు. ఆ రోజు తేదీ, టైము రాసి పెట్టుకో. భయమేస్తే 112, లేదా మహిళా హెల్ప్‌లైన్ 181.

---

ఎస్వీయూ_హాస్టల్ | గురువారం, ఉదయం 9:12

అక్కా, మాకు ట్రైనింగ్‌లో "ఎప్పుడూ నవ్వుతూ ఉండాలి" అని నేర్పించారు. అమ్మాయిలకి మరీ మరీ చెప్తారు. ఆ నవ్వు చూసే కొందరు ఇట్లా మొదలుపెడతారు. నవ్వకపోతే ఫీడ్‌బ్యాక్‌లో "స్టాఫ్ ఫ్రెండ్లీ కాదు" అని రాస్తారు. రెండు వైపులా దెబ్బే.

---

డికాక్షన్_పెద్దాయన | గురువారం, ఉదయం 9:50

వకీలమ్మ చెప్పింది చదివి సిగ్గుపడ్డాను. నేను కూడా ఆ మనిషి సంగతి చదివి దాటేసి వేడి గురించి రాశాను. మా హోటల్లో ఆడపిల్లలు పనిచేయలేదు, అందుకే తట్టలేదేమో. తట్టకపోవడం సరి కాదు.

అమ్మా, ఆ టైమ్‌లో నిన్ను ఒక్కదాన్నే కౌంటర్‌లో ఉంచొద్దని గట్టిగా అడుగు. ఆయనొచ్చినప్పుడు నువ్వు మెషిన్ దగ్గరికి, ఇంకెవరైనా కుర్రాడు కౌంటర్‌కి. ఇది మారడానికి ఒక్క నిమిషం పట్టదు.

---

కాళహస్తి_కుర్రోడు | గురువారం, మధ్యాహ్నం 1:30

నా బాధ వేరే. యూపీఐ. కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, మా స్పీకర్ పలకదు. "నా డబ్బులు పోయాయి, మీరు దొంగలు" అని గొడవ. పండగ రోజుల్లో నెట్‌వర్క్ నత్త నడక, గంటకి ఒకటైనా ఇట్లా ఉంటుంది. ఏం చేస్తున్నారు?

---

రెండు_టేబుళ్ళ_కేఫ్ | గురువారం, మధ్యాహ్నం 2:05

షాపుకి చేరని యూపీఐ డబ్బు ఐదు రోజుల్లోపు కస్టమర్ ఖాతాకి తనంతట తానే తిరిగి వెళ్ళాలి, వెళ్ళకపోతే రోజుకి 100 రూపాయలు చొప్పున బ్యాంకు ఇచ్చుకోవాలి. రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన నిబంధన. నేను దీన్ని తెలుగు, అరవం, హిందీల్లో ప్రింట్ తీసి క్యూఆర్ పక్కన అంటించాను. నోటితో చెబితే నమ్మరు, గోడ మీద ఉంటే నమ్ముతారు. వాళ్ళ ఫోన్లో లావాదేవీ నంబర్ ఉంటుంది, అది మా పుస్తకంలో రాసుకుని, నా నంబర్ ఇచ్చి, కాఫీ ఇచ్చి పంపేస్తాను. వాళ్ళ ఖాతాకి డబ్బు వెనక్కి పడ్డాక నాకు పంపిస్తారు, ఇప్పటిదాకా నాకు రాకుండా పోయింది ఒక్కసారి కూడా లేదు.

ఫోన్లో స్క్రీన్‌షాట్ చూపించి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉన్నారు, జాగ్రత్త. మన ఫోన్లో పడిందో లేదో చూసుకోవాలి.

---

గాంధీరోడ్డు_శీను | గురువారం, రాత్రి 9:25

నిన్న నేను రాసిన దానికి ఒక మాట. ధర గురించి నా అభిప్రాయం మారలేదు, 180 ఎక్కువే. కానీ కప్పు మార్చిస్తే ఆ అమ్మాయి జీతంలో కోస్తారని నాకు తెలీదు. ఇన్నాళ్ళూ నేను వెనక్కి పంపిన కప్పులన్నీ ఎవరి జీతంలోంచి పోయాయో అనిపిస్తోంది. ఇకమీదట ముందే చెప్తాను ఎంత వేడి కావాలో.

నురగ_కప్పు గారూ, ఆ సాయంత్రం మనిషి విషయంలో స్టేషన్‌కి తోడు కావాలంటే మా ఆవిడ, నేను వస్తాం.

---

నురగ_కప్పు | ఆదివారం, రాత్రి 11:35

మూడు రోజులు రాయలేకపోయాను, డబుల్ షిఫ్ట్‌లు. జరిగినవన్నీ చెప్తాను.

కేకుల ముందు అట్టలు పెట్టాను. రంగు పెన్నులు కొనుక్కొచ్చి నేనే వేశాను. గుడ్డు ఉన్న ప్రతి దానికీ గోధుమ రంగు త్రికోణం, కింద తెలుగులో, అరవంలో 'గుడ్డు ఉంది' అని. అరవం అక్షరాలు మా పక్క గదిలో ఉండే అక్క రాసిచ్చింది. మేనేజర్ చూసి "అమ్మకాలు పడిపోతాయి" అన్నాడు. శుక్రవారం, శనివారం ఏమీ పడిపోలేదు. గుడ్డు లేని అరటిపండు కేకు మాత్రం మధ్యాహ్నానికే అయిపోయింది, ఇప్పుడు రెట్టింపు తెప్పిస్తున్నాడు.

నీళ్ళు. కౌంటర్ మీద జగ్గు, గ్లాసులు పెట్టాం. చార్జర్ వైరు నాది పెట్టాను. కాలినడక అన్నా, శనివారం ఒకాయన గుండుతో వచ్చి, నోట్లోంచి మాట రాకముందే రెండు గ్లాసులు తాగాడు. తర్వాత "ఏమున్నాయమ్మా" అని అడిగాడు. ఇంతకు ముందైతే ఆయన వచ్చీ రాగానే విసుక్కునేవాడే అనిపించింది. అందరూ మారిపోలేదు. నిన్న కూడా ఒకావిడ కాఫీ మూడుసార్లు మార్పించుకుని డబ్బు కట్టకుండా వెళ్ళింది. ఏడుపు వచ్చింది కానీ ఇంటికి తెచ్చుకోలేదు.

జీతం కోత గురించి వకీలక్క చెప్పినట్టు మెసేజ్ పెట్టాను. "ఏ తేదీన ఎంత, ఎందుకు అని రాసి ఇవ్వండి సార్." ఇంకా జవాబు రాలేదు. కానీ ఈ వారం పుస్తకంలో ఎవరి పేరూ రాయలేదు.

ఆ మనిషి శుక్రవారం వచ్చాడు. కెమెరా కింద నిలబడి చెప్పాను. గొంతు వణికింది, అయినా చెప్పాను. "నంబర్ ఇవ్వను. ఇంకోసారి అడగొద్దు." చుట్టూ నలుగురున్నారు. ఆయన "ఏమన్నానని ఇప్పుడు" అని గొణుగుతూ వెళ్ళాడు. శనివారం రాలేదు. ఈరోజు రాలేదు. తేదీ, టైము రాసి పెట్టాను. శీను గారూ, మీ మాట గుర్తుంచుకుంటాను, మళ్ళీ వస్తే అడుగుతాను. మీ ఆవిడ గారికి నా నమస్కారం చెప్పండి.

ఆ పెద్దావిడ గురించి మాత్రం ఏం చేయలేను. ఎక్కడివాళ్ళో, పేరేంటో తెలీదు. తన ముందు నిలబడి చెప్పాల్సిన మాట అట్లే ఉంది నా దగ్గర.

---

కాలినడక | సోమవారం, ఉదయం 5:50

తల్లీ, వచ్చే వారం నడిచి ఎక్కుతున్నాను. ఆవిడ పేరు తెలీకపోతేనేం, స్వామికి తెలుసు. నీ మాట చెప్తాను.

---

నురగ_కప్పు | సోమవారం, ఉదయం 6:15

చెప్పన్నా.

స్టీమ్_వాండ్ అన్నా, ఒక ప్రశ్న. గరుడ సేవ రోజు నాకు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా షిఫ్ట్ పడింది. మొత్తం ముగ్గురమే. ఆ రోజు తిరుపతిలో నిలబడే చోటుండదు. ఎట్లా?

---

స్టీమ్_వాండ్ | సోమవారం, ఉదయం 6:40

ఆ రోజుకి మెనూ తీసెయ్యండి. ఐదు రకాలు చాలు, పెద్ద అక్షరాలతో గోడ మీద. ఆకు బొమ్మలు ఆ రోజు వద్దు. పాలు అన్నీ 70 దాకా వేడి చెయ్యి, తక్కువ వేడి కావాలన్నవాళ్ళే అడుగుతారు. టోకెన్ నంబర్ ఇచ్చి, "పదిహేను నిమిషాలు పడుతుంది" అని డబ్బు తీసుకోకముందే చెప్పండి. పది నిమిషాల్లో ఇచ్చినా పదిహేనే చెప్పండి. ఒకరు డబ్బు, ఒకరు మెషిన్, ఒకరు కేవలం నీళ్ళు, మాటలు. రెండు గంటలకోసారి చోట్లు మార్చుకోండి. నువ్వు మధ్యలో ఏదైనా తిను. ఖాళీ కడుపుతో ఉన్న మనిషి కౌంటర్‌కి అవతల ఉన్నా కష్టమే, ఇవతల ఉన్నా కష్టమే.

---

రెండు_టేబుళ్ళ_కేఫ్ | సోమవారం, ఉదయం 7:30

ఆ రోజు మేం రాత్రి తొమ్మిదికి మూసేస్తాం. తర్వాత మా కుర్రాడొకడు ఖాళీ. మీ మేనేజర్ ఒప్పుకుంటే మీ దగ్గరికి పంపుతాను, పాలు కాచడం బాగా వచ్చు. ఆ 'ఖాళీ ఉందా' అన్న మాట కూడా నాకు గుర్తుంది. పండగ అయ్యాక ఒకసారి వచ్చి మాట్లాడమ్మా.